ఎనిమిది ఇత్తడి బిళ్లలు

పోయిన నెల మా అల్లుడు టీవీకి లాప్‌టాప్ తగిలించి, క్రూజ్ బుక్ చేశానని ఇంటిల్లిపాదినీ సోఫాలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించాడు. ఏడు రోజులు, నాలుగు దీవులు. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, గొడుగు గుచ్చిన కొబ్బరి బొండాం. మూడో దీవి దగ్గర బొమ్మ కాసేపు కదల్లేదు. బీచిలో పడుకున్న తెల్లావిడ కాళ్లకి అవతల, అఖాతం ఆవలి ఒడ్డున రెండు పొగగొట్టాలు, పక్కన ఓడల్లోకి పొడి పోసే పొడవాటి బెల్టు కనబడ్డాయి. ఫొటో తీసినవాడు వాటిని దాచాలనే చూసినట్టున్నాడు గాని ఆవిడ కాళ్లు చాల్లేదు. ఆ గొట్టాలు నాకు తెలుసు. వాటి కింద ఏడాదిన్నర పైన పనిచేశాను. మా బావ వాటి కిందే చచ్చిపోయాడు.

ఆ బొమ్మలు మా అక్క కూడా చూస్తోంది. డెబ్బై ఆరేళ్లు. ఈ ఇర్వింగ్‌లోనే మా పక్క బ్లాకులో కూతురి దగ్గరుంటుంది. ఆ దీవి పేరు ఆమెకి కంఠతా వచ్చు. అల్లుడు ఆ పేరు చదవగానే, "అక్కడికైతే నేనూ వస్తాను. ఆ మనిషి తిన్నగా ఇంటికి రాకుండా వెనక్కి ఎందుకు పోయాడో ఆ చోటు ఒకసారి చూడాలి" అంది. అల్లుడు పాపం మంచివాడు. "తప్పకుండా పెద్దమ్మా, ఆ రోజు టూర్ క్యాన్సిల్ చేసి కార్ రెంట్ చేద్దాం" అన్నాడు. నేను లేచి బాత్రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా నోట్లో పెట్టుకు కూర్చున్న మాట ఒకటుంది. ఆ చోటు ఆమె చూడక ముందే అది చెప్పాలి.

ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఫ్యాక్టరీ వాళ్లకి కోపం, రాయకపోతే ఎవరికీ నష్టం లేదు. ఒకటే వీధి. ఒక చివర చర్చి, ఒక చివర ఓడల జెట్టీ, మధ్యలో ఏడెనిమిది సారా కొట్లు. చర్చి కంటే కొట్లు ఎక్కువే గాని, ఆదివారం పొద్దున్న అందరూ చర్చిలోనే ఉండేవారు. ఎర్రమట్టిని కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి అందులోంచి తెల్లపొడి తీసే ఫ్యాక్టరీ అది. పొడి ఓడెక్కి పోయేది, మిగిలిన ఎర్ర బురద ఊరికి మిగిలేది. ఉతికిన బనియన్లు ఆరేసరికి ఎర్రగా అయ్యేవి. కోళ్లు ఎర్రన, కుక్కలు ఎర్రన, జెట్టీ పక్క సముద్రం కూడా ఎర్రన. విశాఖపట్నం హార్బరు ఎర్ర దుమ్ములో పుట్టి పెరిగిన మాకు ఊరు చూడగానే ఇంటికొచ్చినట్టే అనిపించింది, ఆ మాట చెప్పుకోడానికి సిగ్గేం లేదు. అక్కడివాళ్లు మమ్మల్ని 'కూలీ' అనేవాళ్లు. వాళ్ల తాతల నాడు మన దేశం నించి చెరుకు తోటలకి పోయినవాళ్లకి అదే పేరట. చదువుకున్నవాళ్లయితే మండిపడేవారేమో. మేం కూలీలమే కదా, పలికేవాళ్లం.

మా గ్యాంగు ఎనిమిది మంది. మేస్త్రీ మా బావ, అంటే అక్క మొగుడు. నేను అతని బావమరిదిని, దాంతో నాకు పని సగం, తిట్లు రెట్టింపు. "ఒరే, మీ అక్క మొహం చూసి తెచ్చాను గాని నీకు గునపానికీ గరిటెకీ తేడా తెలీదు" అనేవాడు అందరి ముందూ. రాత్రి అన్నం దగ్గర మాత్రం చేప తల నా పళ్లెంలో వేసేవాడు. పని ఏమిటంటే, నాలుగంతస్తుల ఎత్తు ట్యాంకుల్లోకి దిగి, గోడలకి మూరెడు మందాన రాయిలా పేరుకుపోయిన మడ్డిని సుత్తీ ఉలీ పెట్టి రాల్చడం. పైనుంచి ఒకటే కంత, ఒకటే నిచ్చెన. లోపల గొయ్యి తవ్వుకుని అందులోనే ఉన్నట్టుండేది. ఎండ భరించలేమని తెల్లవారక ముందే దిగి పది గంటలకల్లా పైకొచ్చేవాళ్లం. దిగేటప్పుడు అందరికంటే ముందు బావ, ఎక్కేటప్పుడు అందరికంటే వెనక బావ. మేస్త్రీ అంటే అంతే.

ఆ కంత పక్కన ఒక చెక్క పలక ఉండేది, మేకులు కొట్టి. ఒక్కొక్కడికీ ఒక ఇత్తడి బిళ్ల. దిగేవాడు తన బిళ్ల తనే మేకుకి తగిలించాలి, పైకొచ్చాక తనే తీసుకోవాలి. పలక మీద బిళ్ల ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. పలక ఖాళీ అయితే ట్యాంకు ఖాళీ. మూత బిగించి, గొట్టం విప్పి, లోపలికి సలసల కాగే కాస్టిక్ నీళ్లు వదుల్తారు. పలక దగ్గర ఒక నల్ల ముసలాయన కాపలా ఉండేవాడు. మేం మామా అనేవాళ్లం, అతనికీ ఆ పిలుపు నచ్చింది. మొదటి వారం ఎవడి బిళ్ల వాడే తియ్యాలని కర్ర పట్టుకు అడ్డం నిలబడ్డాడు.

ఇక్కడ మనవాళ్ల సంగతి చెప్పాలి. రేషను షాపుకెళ్లినా, బస్సులో సీటుకైనా, ఆసుపత్రి చీటీకైనా, మనలో ఒకడు నిలబడితే ఎనిమిది మంది నిలబడ్డట్టే. ఒకడు రుమాలు వేస్తే ఆరు సీట్లు. అందులో తప్పుందని మాకెవరూ చెప్పలేదు, చెప్పినా నవ్వేవాళ్లం. పది గంటలకి పైకొస్తే స్నానానికి లైను, బస్సుకి లైను, ఇక బిళ్లకి కూడా లైనేమిటని, ముందొచ్చినవాడు ఎనిమిదీ గుప్పిట్లో పోసుకుని పోయి బస్సులో పంచేవాడు. ముసలాయన నెలరోజులు గొణిగాడు. తర్వాత మా చేపల పులుసు రుచి మరిగాడు. పులుసు తిన్న మనిషి కర్ర ఎత్తలేడు కదా, గోడకి ఆనించేశాడు. అదేదో గెలిచినట్టు మేమందరం చాలా సంతోషపడ్డాం.

శనివారం ఇంటికి ఫోను. ఊరికంతటికీ బయట దేశాలకి లైను కలిసే చోటు ఒక్కటే, పోస్టాఫీసు పక్కన. ఓడల వాళ్లందరూ అక్కడే. మాకు పదీ పదిన్నర అయితే మా ఊళ్లో రాత్రి ఎనిమిది దాటేది. అక్క ఆ టైముకి బూత్‌లో బల్ల మీద కూర్చుని ఉండేది. అంతకు ముందు రెండు శనివారాలు లైను అందలేదు. అక్క ఉత్తరం రాసింది, మనిషి బతికున్నాడో లేడో తెలీక చస్తున్నానని. బావ నాతో, "ఈ శనివారం నువ్వు ముందు పోయి లైన్లో నిలబడరా. నేను సామాన్లు కట్టి వస్తాను" అన్నాడు.

నిలబడ్డాను. అందరికంటే ముందు నిచ్చెనెక్కాను. నా వెనక ఒకడు, వాడి వెనక ఒకడు, అందరి వెనకా బావ ఉన్నాడనుకున్నాను. పలక మీద ఎనిమిది బిళ్లలూ తీసి జేబులో వేసుకున్నాను. ముసలాయన మొహం ఎత్తి చూశాడు. "ఆల్ ఫినిష్, మామా" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే. మూత వెయ్యక ముందు అతను లోపలికి తొంగి చూడాలి, అది అతని పని. చూడలేదు. నా మాట నమ్మాడు. మిగతా ఆరుగురూ పైకొచ్చి మేస్త్రీ వస్తాడులే అని బస్సెక్కారు. బావ కింద మూల కూర్చుని ఉలులు లెక్కపెట్టి గోనెలో కడుతున్నాడు. ఆ మూల పైనుంచి కనబడదు.

ఫోను దగ్గర నా ముందు తొమ్మిది మంది. నా వంతు వచ్చింది. బావ రాలేదు. వెనకున్న ఫిలిప్పీను వాణ్ణి ముందుకి పంపాను. మళ్లీ వచ్చింది, ఇంకొకణ్ణి పంపాను. అలా ముగ్గుర్ని పంపేసరికి ఫ్యాక్టరీలో సైరన్ కూసింది. జేబులో చెయ్యి పెట్టాను. బిళ్లలు వేడిగా ఉన్నాయి. నా ఒంటి వేడే.

తరవాత జరిగింది పొడిగా చెప్తాను, అలంకారం పెట్టడం నాకు రాదు. బావని పెట్టిన పెట్టె తెరవొద్దన్నారు. విచారణకి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. బిళ్ల ఎవరు తీశారని అడిగారు. ముసలాయన, ఎవరిది వాళ్లే తీసుకున్నారన్నాడు. నిజం చెబితే అతనికి ఉద్యోగం పోతుంది. మేం ఏడుగురం తలూపాం. మమ్మల్ని వెనక్కి పంపేస్తారు. మా గ్యాంగులోనే వరసకి మేనమామ అయ్యే ఒకాయన, "పోయినవాడికి కొత్తగా పోయేదేముంది" అన్నాడు. ఉంది. పేరు ఉంది. మేస్త్రీ పైకొచ్చి, తన బిళ్ల తను తీసుకుని, మరిచిపోయిన సామాను కోసం ఎవరికీ చెప్పకుండా మళ్లీ దిగాడని కాయితం రాశారు. కింద నేను వేలిముద్ర వేశాను.

ఆ కాయితం మా మేనకోడలు చదివి తల్లికి తెలుగులో చెప్పింది. అప్పట్నించి అక్క బావని తిడుతూనే ఉంది. పండక్కి తిట్టింది, కూతురి పెళ్లిలో తిట్టింది, ఈ దేశం వచ్చాక కూడా, "నాలుగు ఇనప ముక్కల కోసం పెళ్లాం పిల్లల్ని ఒదిలేసి పోయాడు, ఎప్పుడూ అంతే ఆ మనిషికి" అనేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. నేను తిరిగొచ్చాక రెండో ఏడు, నలభై దాటిన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. పెద్ద అక్షరాల కీర్తనల పుస్తకం, పలక, బలపం. వేలిముద్ర వేసే బతుకు నీతో ఆఖరవ్వాలిరా అంది. ఈ రాస్తున్నది ఆవిడ పెట్టిన భిక్షే.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మేనకోడలింటికి పోయాను. అక్క వంటింటి బల్ల దగ్గర గోంగూర ఒలుస్తోంది. మేనకోడలు లోపల గదిలో ఆఫీస్ మీటింగ్‌లో ఉంది.

"బావ మళ్లీ లోపలికి పోలేదక్కా" అన్నాను.

"మరేటి?"

"అసలు బయటికే రాలేదు. బిళ్ల నేను తీశాను. అందరివీ నేనే తీశాను. అంతా అయిపోయిందని ముసలాయనతో చెప్పింది కూడా నేనే."

రెండు కాడలు ఒలిచింది. "అంత తొందరేటి నీకు?"

"నీకు ఫోన్ చెయ్యాలని. ముందు పోయి లైన్లో నిలబడమన్నాడు."

ఇంకో కాడ అందుకుంది. ఆ తర్వాత మొహం ఎత్తకుండానే, "ఆ రోజు బూతువాడు తలుపు వేస్తానన్నా లేవలేదు నేను. పదకొండు దాకా కూర్చున్నాను" అంది. ఆకు ఒలవడం ఆపేసింది. "ఇన్నాళ్లూ ఆ మనిషిని తిట్టాను."

"తిట్టావు."

"నువ్వు వింటూ కూచున్నావు."

"కూచున్నాను."

"అక్షరాలు దిద్దించినప్పుడైనా చెప్పొచ్చు కదరా."

"నేర్పడం మానేస్తావేమోనని."

"మానేద్దునే" అంది. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు. ఒలిచిన ఆకంతా గిన్నెలోకి తోసింది. "ఇంక లే. ఆదివారం చర్చిలో వేరే కుర్చీ చూసుకో. నా పక్కన కూచోకు."

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే నడుం పట్టేసి వంగలేక ఆలస్యమైంది. లోపల అక్క మేనకోడలి గది తలుపు కొట్టడం వినబడింది. "ఆ మీటింగ్ ఆపవే. మీ నాన్న తప్పేం లేదంట. పని ముగించుకుని ఇంటికే వస్తున్నాడంట" అని చెబుతోంది. ఆ గొంతు ముసలిది కాదు. మేనకోడలు ఏమందో నాకు వినబడలేదు.

ఏళ్లు గడిస్తే చెప్పడం తేలికవుతుందని ఆగాను. తేలిక కాలేదు. మొగుణ్ణి తిట్టకుండా తలుచుకోడానికి ఆవిడకి మిగిలిన ఏళ్లు తగ్గాయి, అంతే.