ఫ్రిజ్జుల మావయ్య వాయిద్యాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఫ్రిజ్జుల మావయ్య అనే పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. ఫ్రిజ్ తలుపు కూడా తెరవకుండా, వెనకాల చెవి పెట్టి జబ్బేమిటో చెప్పేసేవాడు. అలాంటి చెవులున్న మనిషికి సొంతింట్లో జరిగింది వినపడలేదంటే ఏమనాలి? దీపం కిందే చీకటని పెద్దలు ఊరికే అన్నారా!

ఆయన భార్యకు కూనిరాగం తీసే అలవాటు. మాటలుండవు, తాళం ఉండదు. కూర తరుగుతూనో, గిన్నెలు సర్దుతూనో, పెదవులు విప్పకుండా సన్నగా ఓ రాగం లాగుతూ ఉండేది. కొత్తలో మావయ్య విసుక్కున్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు. ఆ తర్వాత అది లేకపోతే ముద్ద దిగని స్థితికి వచ్చాడు. ఈ చివరి సంగతి మాత్రం రాగం ఆగిపోయాకే ఆయనకు తెలిసింది.

ఆవిడ వాళ్ల అక్కగారింటికి వెళ్లి ఓ వారం ఉండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ వంటింట్లో చడీచప్పుడూ లేదు.

"అక్కడెవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాడు మావయ్య.

"ఎవరేమంటారండీ? మా అక్క వద్దంటున్నా సంచి నింపి పంపింది."

"మరి పాడటం లేదేం?"

"నేనా? నేనెప్పుడు పాడాను?" అని ఆవిడ ఆయన మొహంలోకి వింతగా చూసింది.

అబద్ధం కాదు. గురక పెట్టేవాళ్లకు తమ గురక తెలియనట్టే, ఆవిడకు తన రాగం తెలియదు. భార్య అలిగితే గిన్నెలు చెబుతాయి. ఈసారి గిన్నెలు కూడా మామూలుగానే ఉన్నాయి. మందు సంగతి దేవుడెరుగు, జబ్బు ఉందని ఒప్పుకోని రోగి! రెట్టించి అడిగితే ఎక్కడ చెడుతుందోనని భయం, ఊరుకుంటే ఇక ఈ ఇల్లు ఇలాగే ఉండిపోతుందేమోనని అంతకంటే పెద్ద భయం.

చివరికి కూతురికి ఫోను చేశాడు.

"ఆ ఇంట్లో ఉండేది నువ్వూ, అమ్మా, టీవీ. పాట ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది నాన్నా? ఏదో ఒక వాయిద్యం వాయించు, అమ్మే అందుకుంటుంది" అంది కూతురు. అని ఊరుకోకుండా విడిభాగాలుగా వచ్చే గిటారు పెట్టె ఒకటి పంపింది.

మావయ్య దాన్ని బల్ల మీద పరిచి, జిగురు రాసి, బిగించి నిలబెట్టాడు. ఆఖర్న ఒక మరమేకు మిగిలింది. ఆయన విప్పిన యంత్రాల్లో ఒక మరమేకు మిగలడం, అయినా అవి పనిచేయడం ఆనవాయితీ కనుక దాన్ని జేబులో వేసుకున్నాడు. తీగలు మీటితే అవి ఒకదాన్నొకటి తిట్టుకున్నట్టు మోగాయి.

"బావుందండీ" అంది భార్య. ఆవిడకు అన్నీ బావుంటాయి.

అక్కణ్నుంచి మావయ్య తుక్కు మీద పడ్డాడు. పాత ఫ్రిజ్‌ల వెనక ఉండే నల్లటి ఊచల జాలీని చెంచాతో గీకి చూశాడు. రాగి గొట్టాలు ముక్కలు కోసి దారాలకు వేలాడదీశాడు. బిస్కెట్ల డబ్బాకు సైకిల్ బ్రేకు తీగ లాగి కట్టాడు. ఒక్కొక్కటీ పట్టుకొచ్చి వంటింటి గుమ్మంలో వాయించడం, ఓరకంట భార్యను చూడటం, ఆవిడ "బావుందండీ" అని తలుపు దగ్గరగా వేసుకోవడం. ఎక్కడ తప్పుతోందో ఆయనకు అంతుబట్టలేదు. వాయిద్యంలో లోపమా, వాయించేవాడిలోనా, లేక వినే మనిషి మనసే విరిగిందా? ఆ ఆఖరి మాట తలపుకొస్తే పని ముందుకు సాగేది కాదు.

ప్లాస్టిక్ నీళ్ల గొట్టాలతో కట్టిన పెద్ద వాయిద్యం ఆయన ఆఖరి ఆశ. పొట్టీ పొడుగూ గొట్టాలన్నీ ఓ చెక్కపెట్టె మీద నిలబెట్టాడు. అవి పలకాలంటే గాలి కావాలి, తన ఊపిరి చాలదు. అప్పుడు వసారా మూలన గోనె కింద పడున్న కంప్రెసర్ గుర్తొచ్చింది.

అది సొంతింటి ఫ్రిజ్‌దే. పెళ్లయిన ఏడాది తుక్కు కింద కొనుక్కొచ్చి బతికించిన ఫ్రిజ్ అది. ఎప్పుడూ గుంయ్యిమని ఒకటే మోత. ఎదురింటాయన ఓసారి వచ్చి, "మావయ్యా, మెకానిక్ ఇంట్లో ఫ్రిజ్జే ఇలా ఏడుస్తుంటే మా ఫ్రిజ్జులు నీ చేతికెలా ఇస్తాం?" అని నవ్వాడు. మావయ్యకు తల కొట్టేసినట్టయింది. భార్య ఊళ్లో లేని ఆ వారంలోనే పాత కంప్రెసర్ ఊడబెరికి, కిక్కురుమనని కొత్తది బిగించాడు.

ఇప్పుడు పాతదాన్ని చెక్కపెట్టెకు కలిపి స్విచ్చి వేశాడు. గొట్టాలు పలకలేదు. అతుకుల్లోంచి గాలంతా పోతోంది. కంప్రెసర్ ఒక్కటే గుంయ్యిమంటోంది. 'ఇదీ పాయె' అనుకుంటుండగా వంటింట్లోంచి సన్నగా రాగం మొదలైంది.

మావయ్య గబగబా గొట్టాలన్నిటికీ అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఒక్కటీ మోగడం లేదు. మరి ఈవిడ దేనికి పాడుతున్నట్టు? వెళ్లి అడుగుదామని స్విచ్చి ఆపాడు. రాగం ఆగింది. మళ్లీ వేశాడు. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఇంకోసారి ఆపి వేసేసరికి లోపల్నుంచి కేక వినిపించింది.

"ఏమిటండీ ఆ ఆటలు? స్విచ్చి కాలిపోతుంది!"

అప్పుడు విన్నాడు. మోటారు మోతా, ఆవిడ గొంతూ ఒకే శ్రుతిలో ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది ఆయనే. జబ్బనుకుని కోసి పారేసింది ఆవిడ శ్రుతిని. మావయ్య అక్కడే గోనె మీద కూలబడ్డాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాస్త రోషమూ వచ్చింది. ఇన్నేళ్లూ ఆవిడ తనను చూసి పాడిందా, ఆ మోటారును విని పాడిందా? ఆ ముడి మాత్రం ఎంత లాగినా విడిపోలేదు.

లేచి, ఫ్రిజ్ వెనక్కి తిప్పి, కొత్త కంప్రెసర్ విప్పడం మొదలెట్టాడు.

"బాగున్నదాన్ని ఎందుకు విప్పుతున్నారు?" అంది భార్య.

చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఆవిడ తనను తాను వింటుంది. వింటే సిగ్గుపడుతుంది. సిగ్గుపడితే ఆ రాగం ఇక ఏ మోటారుకూ తిరిగి రాదు.

"సరిగ్గా పనిచేయట్లేదు" అని నట్టు తిప్పుతూ గొణిగాడు.

కొన్నాళ్లకు ఎదురింటాయన మళ్లీ వచ్చాడు. "ఇదేమిటి మావయ్యా, మీ ఫ్రిజ్ కథ మళ్లీ మొదటికొచ్చింది?"

"దాని జబ్బు నాకు అంతుబట్టలేదు" అన్నాడు మావయ్య. ఆ మాట ఆయన నోట ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ వినలేదు.

భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. "గట్టిగా అడగండి అన్నయ్యగారూ! ఆ పాడు మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి, ఈయనకు పట్టదు" అంది. అని లోపలికి వెళ్లి, కూర తరుగుతూ, ఆ మోత మీదే మెల్లగా అందుకుంది.