పవర్ డీజిలూ, ఎబినేజర్ చెవులూ

రాజోలులో బండికి జబ్బు చేస్తే మెకానిక్కు కంటే ముందు డ్రైవర్ ఎబినేజర్‌ని పిలిచేవారు. బానెట్ ఎత్తకుండానే కాసేపు చెవి పెట్టి విని, "బెల్టు వదులైందండి, అంతే" అనేవాడు. అన్నాడంటే అదే. మనిషి పరువంతా ఆ చెవుల్లోనే ఉండేది.

అతని యజమాని భీమరాజు గారు కొబ్బరికాయల వ్యాపారి. ఈ మధ్య ఓ పెద్ద పికప్పు కొన్నారు. కాయలు మొయ్యడానికనుకునేరు, నలుగురూ చూడ్డానికి! అంత బలమైన ఇంజనుకి మామూలు డీజిలు పొయ్యడమేవిటి, ధర ఎక్కువైనా పవర్ డీజిలే పొయ్యాలని అల్లుడు నాగసతీష్ పట్టుబట్టాడు. భీమరాజు గారికి ఎటూ తేలలేదు.

"ఈసారి పవర్ డీజిలు నేనే పోయించుకొస్తాను. ఓ వారం తిప్పి, తేడా ఉందో లేదో విని చెప్పవయ్యా. నువ్వేమంటే అదే," అన్నారు.

"ఆయ్, అలాగేనండి."

అన్నాడే గానీ ఎబినేజర్‌కి బెంగ పట్టుకుంది. ఏడాదిగా చెవులు మొండికేస్తున్నాయి మరి. వంటింట్లోంచి పిలిస్తే పలకడని భార్య పుష్పలత రోజూ దెబ్బలాట. చర్చిలో వెనక బెంచీ వదిలి ముందుకొచ్చి కూర్చుంటే, భక్తి పెరిగిందని పాస్టరు గారు మురిసిపోయారు. ఈ సంగతి బయటపడితే బండి తాళం తన చేతిలో ఉంచుతారా?

అమలాపురం దాకా తోలాడు. అద్దాలెత్తి విన్నాడు, దించి విన్నాడు. మునుపటి మోతే. తేడా లేనిది డీజిల్లోనా, పోయింది తన చెవులా? ఓసారి కాస్త మెత్తబడినట్టుండేది, అంతలోనే అబ్బే అనిపించేది. పక్కన కూర్చున్న నాగసతీష్ మాత్రం, "చూశారా, వెన్నలా పోతోంది!" అంటూ తొడ చరిచాడు. పాపం ఎబినేజర్‌కి బుర్ర పనిచెయ్యడం మానేసింది.

వారం తిరిగాక కాలవ గట్టు మీద బండి ఆపించి భీమరాజు గారు అడిగారు. "ఏవయ్యా, తేడా ఉందా?"

"ఆయ్, ఉందండి. బాగా మెత్తబడిందండి."

ఆయన అతని మొహంకేసి వింతగా చూశారు. "బంకులో పవర్ డీజిలు అయిపోయిందంటే మామూలుదే పోయించేనయ్యా. చెప్పకపోతేనే నిజం తేలుతుందని ఊరుకున్నాను."

ఎబినేజర్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇక దాచలేకపోయాడు. "తేడా ఏం వినబళ్లేదండి. నా చెవులే పోయేయనుకుని అలా అనేశానండి."

భీమరాజు గారు పకపకా నవ్వేశారు. "లేని తేడా ఎలా వినబడుతుందయ్యా? నీ చెవులు లక్షణంగా ఉన్నాయి!"

నిజమే కదా! ఏడాది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. అయినా ఏ మూలో అనుమానం. "మీరిలా నా సీట్లో కూర్చుని ఇంజను ఆన్‌లో ఉంచండి. నేనలా నడిచెళ్లి వింటానండి," అని దిగాడు.

గట్టు మీద నాలుగు కొబ్బరిచెట్లు దాటాడు. మోత ఆగింది. ఆయన బండి ఆపేశారనుకుని నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

బండి అదురుతూనే ఉంది. భీమరాజు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, హుషారుగా ఇంకా ఇంకా రేస్ ఇస్తున్నారు. కాలవ అవతల బట్టలుతుకుతున్న ఆవిడ తడిచేతులతో రెండు చెవులూ మూసుకుంది.