టెంకాయ కొట్టాక ఆగిన విమానం

కోయిలకుంట్లలో బోరు మోటారు కాలిపోతే రైతులు మొదట తలుచుకునేది వీరభద్రనే. పగలంతా వైండింగ్ షాపులో రాగి తీగ చుడతాడు. పొద్దు వాలాక రేడియోతో నడిచే చిన్న విమానాలు చేస్తాడు. నలభై దాటినవాడికి ఈ ఆటలేమిటని పక్కనే టీ కొట్టు నడిపే నేను వెక్కిరించని రోజు లేదు. వాడు చెక్కిన రెక్క చేతిలోకి తీసుకుంటే మాత్రం నాకు కింద పెట్టబుద్ధయ్యేది కాదు.

మొదటి విమానం ఇంటి పక్క శనగ చేలో కూలింది. వైండింగ్ చేసేవాడికి ఏది ఆగినా తప్పు మోటారుదే అనిపిస్తుంది. ఊడదీసి, ఇంకా జోరుగా తిరగాలని లావు తీగతో చుట్టాడు. రెండోసారి విమానం జోరుగానే లేచి, గాలిలో మాట వినడం మానేసింది. మిద్దె మీద శనగలు ఎండబోస్తున్న వాళ్లమ్మ రామసుబ్బమ్మకు జానెడు దూరంలో పడింది. వాడి భార్య సుజన ముక్కలన్నీ ఏరి వాడి ముందు పెట్టి, ఇంకొక్కసారి పడితే ఈ సామానంతా పొయ్యిలోకే అంది. ఆమె అన్నదంటే చేస్తుందని మా వీధికంతా తెలుసు. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మూడో రోజు అన్నం పెడుతూ దారి చూపింది వాళ్లమ్మే.

"మన బోరు ఏస్తే ఇంట్లో బల్బు మసకబడతాది గదా నాయనా. దాండ్లో గూడ అంతేనేమో" అంది.

వీరభద్ర ఎంగిలి చేత్తోనే లేచాడు. విమానంలో పెద్ద మోటారుకూ, రెక్కల అంచుల్నీ తోకనీ తిప్పే సర్వోలనే బుల్లి మోటార్లకూ కరెంటు ఒకే బ్యాటరీ నుంచి పోతోంది. వేగం పెంచినప్పుడల్లా మోటారే అంతా లాగేసుకుంటే సర్వోలు పస్తుంటున్నాయి. లావు తీగ చుట్టి మోటారు ఆకలి పెంచింది తానే. సర్వోలకని వేరే చిన్న బ్యాటరీ పెట్టాడు.

ఆదివారం కోత అయిపోయిన చేలో జనం చేరారు. కొత్త మోటారును బోరులోకి దించేటప్పుడు టెంకాయ కొడతాం, కొట్టాక పని ఆపం. అదే పద్ధతిలో నేను ముందే కొట్టేశాను. వీరభద్ర మీటరు తగిలించి, నాలుగు సర్వోలూ ఒకేసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆరు వోల్టుల మీద నిలవాల్సిన ముల్లు నాలుగు దగ్గరికి జారింది. ఆ చిన్న బ్యాటరీ షాపులో మూలన పడున్న పాతది, గాలిలో సర్వోలకు మళ్లీ పస్తే.

"ఈ పొద్దు ఎగరదప్పా" అన్నాడు.

జనం నవ్వారు. టెంకాయ కొట్టాక ఆపితే అరిష్టమని, ఒక్క చుట్టు తిప్పితే ఏమవుతుందని నేనూ రెచ్చగొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.  వాడు మాత్రం బ్యాటరీ పీకి జేబులో వేసుకున్నాడు.

గట్టు మీద కూర్చున్న సుజన లేచొచ్చి, మాకు కొబ్బరి ముక్కలు పంచి, విమానాన్ని తానే ఎత్తుకుంది.

"ఇంతమంది ముందర ఎగరెయ్యకుండా నిలబడితివి సూడు, ఇంగ నాకు బయం లేదు. మంచి బ్యాటరీ తెచ్చుకో" అంది.

తర్వాతి ఆదివారం అది పది నిమిషాలు చేను మీదే తిరిగింది, ఇంటి వైపు వాడు రానివ్వలేదు. రామసుబ్బమ్మ మిద్దె మీదే శనగలు ఎండబోసుకుంటూ ఉండింది. ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు.