గొర్లను మర్లించే పిలుపు

దీపావళి దాటితే మా మక్తల్ ప్రాంతంలో గొర్ల మందలు ఊళ్ళు వదులుతాయి. మేత వెతుక్కుంటూ హాలియా కాలువల కింద వరి కోసిన మళ్ళ దాకా వెళ్ళి, వానలకు తిరిగొస్తాయి. చిన్నప్పుడు సెలవులుంటే నాన్న తమ్ముడైన మా చిన్నాయన మంద వెంట ఒకటి రెండు మజిలీలు నడిచేవాణ్ణి. ఆయన నాలుక అంగిట్లో ఆడించి ఒక కూత వేస్తే, అందరికన్నా ముందు పోయే గొర్రె కూడా ఆగి వెనక్కి మర్లేది. ఇప్పుడు పత్రిక పనిలో ఎక్కడున్నా, మందలు కదిలే రోజుల్లో నా చెవులు ఆ కూతనే వెతుకుతాయి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మండల కేంద్రంలో, ప్రమాదంలో గాయపడ్డవాళ్ళను కాపాడే శిక్షణ పెట్టారు. వార్త రాయడానికి వెళ్ళాను. చిన్నాయన, చిన్నమ్మ కూడా వచ్చారు. దెబ్బ తగిలినవాడిలా పడుకోవడానికి ఎవరూ లేవకపోతే, చిన్నాయనే గొంగడి పరిచి పడుకున్నాడు.

"జర పైలంగ పట్టుండ్రి. నాకున్నది గీ ఒక్క తలకాయనే."

అందరూ నవ్వారు. పైనుంచి పడ్డవాణ్ణి లేపి కూర్చోబెట్టొద్దని, నీళ్ళు తాగించొద్దని, తల కదలకుండా పట్టుకుని పేరుతో పలకరిస్తూ ఉండాలని నర్సు చెప్పింది. చిన్నమ్మను ముందుకు పిలిచింది.

"తల పట్టుకుంట గని, మొగని పేరు నేనెట్ల తీస్త బిడ్డా?" చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తియ్యరాదే ఒక్కపారి, పలుకుత," అన్నాడు చిన్నాయన కళ్ళు తెరవకుండానే. ఆమె తియ్యలేదు.

కొన్నేళ్ళకు, మంద కదిలే ముందు, గొర్లకు మేతగా ఆకుమండలు కొట్టడానికి తుమ్మచెట్టు ఎక్కి చిన్నాయన కింద పడ్డాడు. ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. చిన్నమ్మా నేనూ పరుగెత్తి చేరేసరికి ఇద్దరు ఆయన చంకల్లో చేతులు వేశారు. ఒకామె చెంబుతో నీళ్ళు తెస్తోంది.

"ముట్టొద్దు! లేపొద్దు!" చిన్నమ్మ తల దగ్గర కూలబడి రెండు చేతులా పట్టుకుంది. "కొడుకా, అంబులెన్సుకు ఫోన్ కొట్టు!"

ఆయన రెప్పలు వాలుతున్నాయి. "ఇగో... ఇగో నిన్నే..." అంది. పలకలేదు. అప్పుడు పేరు తీసింది. మొదట గొణిగినట్టు, తర్వాత చేలవతల వినబడేటట్టు. నిలబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు.

చిన్నాయన కళ్ళు తెరిచాడు. "వినవడ్డదే. ఊరంత వినవడ్డది."

మెడ ఎముక విరిగింది. కదిలించకపోవడమే మేలైందని దవాఖానలో చెప్పారు. నెలల తరబడి మంచంలో ఉండి, కర్ర పట్టుకుని వాకిలి దాకా, తర్వాత ఊరి చివరి దాకా నడిచాడు. మంద వెంట పోవడం మాత్రం ఇక లేదు. ఇప్పుడు ఆయన బామ్మర్ది తోలుకుపోతున్నాడు.

మొన్న మందను సాగనంపడానికి ఆయనతో వెళ్ళాను. గొర్లు దుమ్ము లేపుతూ రోడ్డెక్కాయి.

"ఒక్కపారి కూతెయ్యి చిన్నాయనా. ఇని ఎన్నేండ్లాయె!"

ఆయన దవడ కదిలింది. చప్పుడు రాకముందే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పిలిస్తే మర్లొస్తయ్ రా. వాటికి ఈడ మేత లేదు. పోనీ."

మెడ తిరగదు కనుక, మంద పోయిన మలుపు వైపు ఒళ్ళంతా తిప్పి, దుమ్ము అణిగేదాకా నిలబడ్డాడు.