కల్బా రేవులో కాకి ముద్ద

మొన్న పోయిన పెద్దలకు పెట్టే పెత్తర అమాస నాడు మా మేనల్లుడు ఊరి నుంచి వీడియో కాల్ చేశాడు. వాళ్లమ్మకు, అంటే మా అక్కకు, గోడ మీద విస్తరి పెట్టి గంట దాటినా ఒక్క కాకీ రాలేదట. షార్జాలో రోలా ప్రాంతంలోని నా గదిలో మంచం మీద కూర్చుని వింటున్న నాకు కల్బా రేవు గుర్తొచ్చింది.

మీలో దుబాయ్ చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది, కల్బా చిన్న ఓడరేవు, అది దాటితే ఒమన్. కరోనా రోజుల్లో అక్క పోయినప్పుడు విమానాలు లేవు. ఉన్నా, అప్పుడు నాతో ఇక్కడే ఉన్న అల్లుడు పోలేడు, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ను వదిలి పారిపోయి వీసా లేకుండా దొంగచాటుగా పని చేసుకుంటున్నవాడు మరి. ఊళ్లో వాడి తమ్ముడు అన్నీ చేస్తున్నా, పెద్దకొడుకుగా మూడోనాడు తానూ పిట్టకు ముద్ద పెట్టాల్సిందేనని మొండికేశాడు. రోలాలో మేడ మీద పెడితే పావురాలు వాలాయి, వాచ్‌మన్ తిట్టాడు. చేపల పడవలుండే కల్బాలో కాకులకు కొదవ లేదని ఎవరో చెబితే, అక్కకిష్టమైన సర్వపిండి కాల్చుకుని నా పికప్‌లో బయల్దేరాం. కొండల దారి పొడుగునా పోలీసు బండి కనబడితే చాలు, వాణ్ణి సీట్లో కిందికి వంగమనేవాణ్ణి.

రేవు గట్టు మీద విస్తరి పెట్టి, మాస్కులు కిందికి లాగి ఇద్దరం కా కా అని పిలిచాం. పడవల మీద బారులు తీరిన కాకులు చూస్తున్నాయే గాని ఒక్కటీ దిగలేదు. అంతలో గట్టు చివర నుంచి పోలీసు బండి మెల్లగా మా వైపు రాసాగింది.

"దొరికితే ఖలాస్‌రా, పా అల్లుడా."

"అవ్వ ముట్టేదాక కదల మామా." వాడు వాళ్లమ్మను అవ్వ అనే పిలిచేవాడు.

మా వైపు ఆచారం మీకు తెలుసు, కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని, దాన్ని తీరుస్తామని మాటిస్తాం. నేను చేతులు జోడించాను. "అక్కా, నీ కొడుకును ఇంటికి తోలుత. నాది జిమ్మ."

ఒక కాకి దిగి, ముక్క నోట కరుచుకుని ఒమన్ కొండల వైపు పోయింది. బండి మా పక్కన ఆగింది, అద్దం దిగింది. లోపలి పోలీసు మా విస్తరిని, మా మొహాలను చూసి, మాస్కులు పెట్టుకోమని సైగ చేసి "యల్లా" అని వెళ్లిపోయాడు. అల్లుడు గట్టు మీదే కూలబడి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

తర్వాత వీసా లేనివాళ్లు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చని ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు వాడిని విమానం ఎక్కించి మాట నిలబెట్టుకున్నాను. మొన్న వాడు ఫోన్‌ను ఖాళీ గోడ వైపు తిప్పి అడిగాడు, "ఇగ ఏం మాటియ్యాలె మామా? అవ్వకు ఇంకేం మిగిలింది?" అక్కకు ఏం మిగిలిందో నాకు తెలుసు. పోలీసు బండి మీదికొస్తున్నా ఆనాడు ఒక్క క్షణంలో మాటిచ్చినవాణ్ణి, ఇప్పుడు కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని కూడా, నేనూ ఊరికి వచ్చేస్తున్నానని మీ అవ్వకు చెప్పరా అనలేకపోయాను. ఇంకాసేపు చూడమని ఫోన్ పెట్టేశాను.