సగంలో ఆపే పాట

మా వదిన నంద్యాల ఇంట్లో ల్యాప్‌టాప్ మీద బీట్లు పేర్చి ఒక పాప్ పాట చేసింది. పాడింది నేను. ఇక అయిపోయిందని నేననుకున్న రోజే ఆమెకు అసలు పని మొదలైంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని, నన్ను వెంటేసుకుని ఆళ్లగడ్డ జీపు ఎక్కేది. డ్రైవరు పాట పెట్టేవాడు. సగంలో ఆమె సైగ చేయగానే ఆపేసేవాడు. ఎందుకు ఆపావని ప్రయాణికుల్లో ఒక్కరైనా అడగాలి. అడగకపోతే ఇంటికొచ్చి బీటంతా విప్పి మళ్లీ కట్టేది.

ఎనిమిదిసార్లు ఎవరూ అడగలేదు. విసుగొచ్చి నేనే, "ఏమప్పా, ఆపినావే?" అన్నాను.

"నువ్వు అడిగితే లెక్కకు రాదబ్బీ," అంది వదిన, నా వైపు చూడకుండానే.

తొమ్మిదోసారి శిరివెళ్ల దాటాక పాట ఆగింది. ఒడిలో ఉల్లిగడ్డల సంచి పెట్టుకున్న ముసలామె డ్రైవరు భుజం తట్టింది.

"ఏందప్పా, మనిషి పాడతాంటే నోరు మూస్తివి? పెట్టు!"

వదిన నవ్వలేదు. ఆళ్లగడ్డలో దిగి, బస్టాండు గోడకు ఆనుకుని, ఫోన్‌లోనే పాట విడుదల చేసింది. ఎంతమంది విన్నారో చూద్దామని నేను ఫోను అడిగితే ఇవ్వలేదు.

"ఒకామె అడిగింది గదా, సాలు," అంది. "పా, ఇంగొక పాట చేద్దాం."