అన్న చెప్పిన సేరు సినిమాలు

మొన్న ఆదివారం మా మనుమరాలు, దాని భర్త సినిమాకు పోయి వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా సోఫాలో కూలబడి ఫోన్లలో నక్షత్రాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకరు రెండున్నర అంటే ఇంకొకరు మూడు అన్నారు, ఆ అర నక్షత్రం దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది, చివరికి నన్ను మధ్యవర్తిని చేసి, పోయిన వారం టీవీలో నాకు చూపించిన సినిమాకు నేనైతే ఎన్ని ఇస్తానో చెప్పమని కూర్చున్నారు. నాకు తొంభై దాటాయి, చూపు మందగించింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా నోటికి మాత్రం ఇప్పటికీ ఏ లోటూ లేదని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. అటువంటిదాన్ని ఆ ఒక్క ప్రశ్నకు బదులు చెప్పలేక, నిద్ర వస్తున్నదని అబద్ధమాడి లేచి లోపలికి వచ్చేశాను. సినిమా సంగతిలో నలుగురి ముందు తీర్పు చెప్పడం నేను మానుకొని ఎనభై ఏళ్లు దాటింది, ఎందుకు మానుకున్నానో ఈ పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, మా చిన్నతనంలో చేవెళ్లలో సినిమా అంటే చూసేది కాదు, వినేది. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. మాది నూనె, బెల్లం, పప్పులు అమ్మే కోమటి దుకాణం, ముందర దుకాణం, వెనక ఇల్లు. ప్రతి గురువారం మా అన్న తెల్లవారకముందే బస్సెక్కి పట్నం పోయి, బేగంబజారులో సరుకు కట్టించి, పొద్దుగూకేసరికి తిరిగి వచ్చేవాడు. సరుకు కట్టడానికి మధ్యాహ్నం దాకా పట్టేది కాదు కనుక, బస్సు వేళ వరకు ఉన్న సమయంలో ఏదో ఒక టాకీసులో కూర్చొని సినిమా చూసి వచ్చేవాడు. శుక్రవారం సాయంత్రం బేరాలు కాస్త పలచబడగానే ఆ కథంతా దుకాణం అరుగు మీద కూర్చొని చెప్పేవాడు. కిరసనాయిలుకు కరువుగా ఉండేది, అందుచేత ఎంత పెద్ద కథ అయినా దీపం పెట్టే వేళకు ముగిసిపోవాల్సిందే.

వినడానికి ఎవరెవరు వచ్చేవారో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. షాబాదు నుంచి బండ్లు తోలుకొని వచ్చినవాళ్లు ఎద్దులను విప్పి కూర్చునేవారు, మిషన్ బడి పంతులు మాత్రం తమ చర్చి పెద్దలకు సినిమాలు గిట్టవని ఉప్పు కొనే మిషతో వచ్చి, కథ ముగిసేదాకా ఉప్పు కొనకుండా నిలబడేవాడు. ఆడవాళ్లం తలుపు వెనక. అమ్మ, వదిన, వాళ్ల మధ్య ఇరుక్కొని నేను. కథ అయిపోయాక అసలు పంచాయతీ మొదలయ్యేది, ఎందుకంటే మా అన్న సినిమాను తూకం వేసేవాడు. త్రాసు పక్కన వరుసగా ఉండే ఇనుప తూకపు రాళ్లలో ఒకటి తీసి అరుగు మీద ఠంగున పెట్టేవాడు. ఏమీ బాగాలేకపోతే ఛటాకు, పాటలు మాత్రమే బాగుంటే పావుసేరు, ఏడిపించి నవ్విస్తే అర్ధసేరు. సేరు రాయి అరుగెక్కడం అరుదు, మా అన్న తీర్పు అంత పిసినారి తీర్పు. బండ్లవాళ్లు యుద్ధాలు ఉంటే అదనంగా తూగాలనేవారు, పంతులు నీతి ఎక్కడుందని అడిగేవాడు, సినిమాలంటే పడని మా బాపు కూడా లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఒక మాట విసిరేవాడు. నేను తలుపు వెనక నుంచే గట్టిగా వాదించేదాన్ని, ఆడపిల్లకు అంత నోరు పనికిరాదని అమ్మ గిల్లేది, అన్న మాత్రం నవ్వి నా మాట నిలబెట్టేవాడు. నాకు అక్షరాలు నేర్పినవాడు కూడా ఆయనే.

ఒక ఏడాది గడిచాక అన్న తీర్పు మారింది. ఛటాకులు, పావుసేర్లు పోయి, ఏ కథ చెప్పినా చివరకు సేరు రాయే పైకి రావడం మొదలైంది. ఆయన మనసు మెత్తబడిందని అమ్మ మురిసిపోయింది, నాకు మాత్రం కొంచెం చప్పగా ఉండేది, ఎందుకంటే అన్నీ బాగుంటే ఇక కొట్లాడడానికి ఏముంటుంది? ఆ రోజుల్లోనే ఏదో మొక్కు ఉందని చెప్పి ఆయన తన చెంబు, గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు, అందరికీ ఎడంగా అరుగు చివర కూర్చొని, కండువా నోటికి అడ్డం పెట్టుకొని కథ చెప్పేవాడు. మిరపకాయల ఘాటుకు దగ్గు వస్తున్నదనేవాడు. దుకాణంలో మిరపకాయల బస్తాలు ఉన్నమాట నిజమే, మేమెవరం ఇంకో ఆలోచన చేయలేదు.

అప్పుడు నాకు పదమూడు నిండాయి, మొయినాబాదులో సంబంధం కుదిరింది. పెండ్లికి ఇంకా మూడు నెలలు ఉన్నాయనగా అన్న ఒక కథ చెప్పాడు. తల్లీతండ్రీ లేని అన్నాచెల్లెళ్లు, అన్న రెక్కలు ముక్కలు చేసుకొని చెల్లెలికి పెండ్లి చేస్తాడు, తరువాత చెడ్డరోజులు వచ్చి ఇద్దరూ దూరమవుతారు, చివరకు జబ్బుపడిన అన్న చెల్లెలిని చూడాలని కాలినడకన బయలుదేరుతాడు. మా అన్న చెప్పిన ప్రకారం, చెల్లెలు అతణ్ని గుమ్మంలోనే గుర్తుపట్టి, వేడినీళ్లు పోసి, పథ్యం పెట్టి, నెల తిరిగేసరికి మనిషిని చేస్తుంది, మేనల్లుణ్ని ఒళ్లో పెట్టుకొని అతను పప్పన్నం తింటుండగా కథ ముగుస్తుంది. ఆ పూట తలుపు వెనక ఏడవనివాళ్లు లేరు. "ఇగో, ఇది సేరు సినిమా, ఒక్క ఛటాకు గూడ తక్కువ తూగది," అని అన్న రాయి పెట్టినప్పుడు పంతులు సైతం ఎదురు చెప్పలేదు. నేను ఆ కథను వాడలో ఆడపిల్లలందరికీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

పెండ్లి చీరలు కొనడానికి మా మేనమామ వచ్చి అమ్మనూ నన్నూ పట్నం తీసుకుపోయాడు. కొనుగోళ్లు తొందరగా ముగిశాయి, దారిలో టాకీసు ముందర అదే సినిమా బొమ్మ కనపడింది, నేను పట్టిన పట్టు విడవలేదు. పరదా కట్టిన ఆడవాళ్ల తరగతిలో కూర్చొని నా జన్మలో మొదటిసారి బొమ్మలు కదలడం చూశాను. కదిలే బొమ్మల వింత కన్నా, నాకు తెలిసిన కథ కళ్లముందు నడుస్తున్నదనే సంబరమే ఎక్కువ, పక్కన ఉన్నవాళ్లకు ముందు ముందు ఏమవుతుందో చెప్పి విసిగించాను. చివరకు అన్న గుమ్మం దగ్గరికి వచ్చాడు. తలుపు తట్టాడు. చెల్లెలు వచ్చి తలుపు తీసేలోపల గడప మీదే ప్రాణం విడిచాడు. వేడినీళ్లు లేవు, పప్పన్నం లేదు, దీపాలు వెలిగాయి, జనం లేచి వెళ్లిపోతున్నారు. నేను కదలనని మొండికేసి, ఇంకా ఉంది, ఇంకా ఉంది అని ఏడుస్తుంటే పక్కవాళ్లందరూ నవ్వారు.

బయటికి వచ్చాక, ఏడుపు మాన్పించడానికి మేనమామ గేటు దగ్గర అమ్మే పాటల పుస్తకం కొనిపెట్టాడు. ఆ పుస్తకాలు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. ముందు కథ, వెనక పాటలు, కథను కీలకమైన చోట ఆపేసి మిగతాది వెండితెరపై చూడమని రాసేవారు. బస్సులో చదువుతుంటే నా ఒళ్లు మండిపోయింది. అన్న చెప్పిన కథ అక్షరం పొల్లు పోకుండా అందులో ఉంది, ఎక్కడిదాకా అంటే, జబ్బుపడిన అన్న కాలినడకన బయలుదేరేదాకా. ఆ తరువాతిదంతా అన్న కల్పించింది. సినిమా చూడకుండానే పుస్తకం చదివి మమ్మల్నందరినీ మోసం చేశాడన్నమాట. ఎంతమంది ముందర నన్ను నవ్వులపాలు చేశాడన్న ఉక్రోషమే తప్ప, ఎందుకు చూడలేదన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. పదమూడేళ్ల పిల్లకు తట్టదులే అని ఎవరైనా అంటే ఊరుకుంటాను గానీ, నాకు నేను ఆ మాట చెప్పుకోలేకపోయాను.

శుక్రవారం అరుగు మీద అందరూ చేరారు. అన్న కొత్త కథ ఎత్తుకున్నాడు. నేను తలుపు దాటి, ఎన్నడూ లేనిది మగవాళ్ల మధ్యకు వచ్చి, పుస్తకం ఎత్తి చూపించాను.

"అన్నా, నువ్వు సినిమాలు సూస్తనే లెవ్వు. ఉత్తగ గీ పుస్తకం సదివి చెప్తున్నవ్. ఆ సినిమాల అన్న సచ్చిపోతడు, బతకడు!"

అన్న నా వైపు చూసిన చూపు కోపంగా లేదు, అది నాకు ఆనాడే వింతగా తోచింది. అంతలో బండ్లవాళ్లలో ఒకడు నవ్వుతూనే, మరి ప్రతి బేస్తారం పట్నంల ఏం జేస్తున్నట్టు అన్నాడు. ఆ ప్రశ్నతో బాపు లెక్కల పుస్తకం మూసేశాడు.

"ఏడికి వోతున్నవ్‌ర నువ్వు? చెప్పు."

"నాదే తప్పు బాపు. ఇంగ పోను," అన్నాడు అన్న.

పేకాట అన్నారు కొందరు, ఇంకా చెప్పరాని మాటలు అన్నారు మరికొందరు. వదిన అన్నీ వింటూ పొయ్యి దగ్గర తల వంచుకొని కూర్చునేది. బాపు ఆ వారం నుంచే పట్నం ప్రయాణం తన చేతిలోకి తీసుకున్నాడు, అన్నను దుకాణం గడప దాటనీయలేదు. కథలు ఆగిపోయాయి. కబురు మొయినాబాదు దాకా పాకింది గానీ, వయసులో ఉన్న మగపిల్లవాడు పట్నంలో కాస్త తిరిగితే ఏమైందని మా అత్తవారు తీసిపారేశారు. నా పెండ్లి ఆగలేదు.

పెండ్లిలో అన్న అందరికీ వడ్డన సంగతి చూశాడు గానీ ఎవరి పంక్తిలోనూ కూర్చోలేదు, అప్పటికే మనిషి బాగా వాడిపోయి ఉన్నాడు. చెడు తిరుగుళ్లకు ఫలితమని చుట్టాలు గుసగుసలాడుకున్నారు. అప్పగింతల వేళ నలుగురికీ వెనక నిలబడి, "మంచిగుండు బిడ్డా," అన్నాడు. నేను పలకలేదు. రెండు నెలలైనా నా అలక తీరలేదు మరి.

మా అత్తవారి ఇల్లు పట్నం బస్సు ఆగే చోటికి ఎదురుగానే. చేవెళ్ల నుంచి పట్నం పోవాలంటే మొయినాబాదు మీదుగానే పోవాలి, కాబట్టి ప్రతి గురువారం కిటికీ దగ్గర నిలబడేదాన్ని. బస్సులో బాపు ఉండేవాడు, దిగి నా క్షేమం అడిగి మళ్లీ ఎక్కేవాడు. అన్న ఏడని నేను అడగలేదు, నా మీద కోపంతో రావడం లేదనుకున్నాను, ఎంతకాలం ఉంటుందో చూద్దామని నేనూ బిగుసుకున్నాను. శ్రావణంలో కబురు వచ్చింది. గురువారం కాదు, బస్సులో కాదు, బండి కట్టుకొని మా దుకాణం జీతగాడు వచ్చాడు. నేను పోయేసరికి అంతా అయిపోయింది.

పదో రోజు ముగిశాక వదిన నన్ను వెనక గదిలోకి పిలిచి, పాత ట్రంకుపెట్టె తెరిచింది. అందులో పాటల పుస్తకాలు దొంతరగా ఉన్నాయి, ఒక్కొక్క దానిలో పట్నం పెద్ద దవాఖాన వాళ్లు ఉర్దూలో రాసిచ్చిన చీటీ ఉంది.

"క్షయ అన్నరు పిల్లా. బేస్తారం బేస్తారం సూదికి పోతుండె. పొద్దంత లైన్ల నిలవడుడే, ఇంగ సినిమా ఎప్పుడు సూస్తడు? ఇంట్ల క్షయ ఉన్నదంటె నీ సంబంధం చెడిపోతదని, నీ పెండ్లి అయ్యేదాంక ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు. సూదులు బందువెట్టినంక గూడ, ఇంగ రెండు నెల్లే గద అన్నడు."

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని చాలా ఏళ్లు అనుకున్నాను.

తరువాత ఎప్పుడో, నాకు పిల్లలు పుట్టాక, ఒక డాక్టరును అడిగాను. ఆ రోజుల్లో ఆ జబ్బుకు సరైన మందే లేదని, ఆ సూదులు వేయించుకున్నా పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చని ఆయన చెప్పాడు. నన్ను ఓదార్చడానికి చెప్పాడో, నిజమే చెప్పాడో తెలియదు. ఇంకో డాక్టరును అడిగే ధైర్యం చేయలేదు.

ఇప్పుడు మొయినాబాదు నుంచి కనకమామిడి దాకా ఎటు చూసినా పట్నంవాళ్ల తోట ఇళ్లే, వాటిలో గోడంత తెర మీద సినిమాలు వేసుకుంటారట. మా మనుమరాలైతే ఫోన్లోనే చూసేస్తుంది, నచ్చకపోతే సగంలో ఆపి ఇంకొకటి పెడుతుంది, చివరేమవుతుందో ఎవరైనా ముందే చెబితే వాళ్ల మీద విరుచుకుపడుతుంది. ఎవరి కథ వాళ్లు చూసుకుంటారు, ఎవరి తీర్పు వాళ్లు చెప్పుకుంటారు, ఒక మనిషి నోటి కోసం ఊరంతా వారం రోజులు ఎదురుచూడాల్సిన పని లేదు. అది మంచిదే కావచ్చు. అబద్ధం చెప్పి అయినా మనల్ని సంతోషపెట్టాలనుకునే మనిషి మాత్రం ఇప్పుడు అరుగుల మీద కనబడడు, అరుగులే లేవు. ఆ సినిమాలో ఏమి జరిగిందో నేను కళ్లారా చూశాను, నిజమే చెప్పాను. ఆ నిజం చెప్పకుండా తలుపు వెనకే కూర్చొని ఉంటే, మా అన్న ఇంకొన్ని వారాలు పట్నం పోయి వచ్చేవాడు.